పెత్తనమూ పెద్దరికమూ

మా నాయనమ్మ పొద్దున్నే పెరట్లో నూకలు చల్లేది. ఆమె గాజుల చప్పుడు వినబడగానే గడ్డివాము కిందనుంచి, గాదె పక్కనుంచి కోళ్లు పరుగెత్తుకొచ్చేవి. వచ్చేటప్పుడు అన్నీ కలిసే వచ్చేవి గాని, కలిసి తినేవి కావు. ముందు ఎర్రపెట్ట. అది తలెత్తి చూస్తే పక్కనున్న రెండు పెట్టలూ అడుగు వెనక్కి వేసేవి. వాటి వెనక మరికొన్ని. అన్నిటికన్నా చివర, మెడమీద ఈకలూడి కమిలిన చర్మం కనిపించే బూడిదరంగు పెట్ట ఒకటి గోడవార నిలబడేది. నూకగింజ దొర్లి దాని కాళ్ల దగ్గరికే వచ్చినా వెంటనే ముక్కు పెట్టేది కాదు. ముందు నాలుగువైపులా చూసుకునేది. ఆ చూపు నాకింకా గుర్తుంది. జాలిపడి గుప్పెడు నూకలు విడిగా దాని ముందు పోసేవాణ్ణి. అది వంగేలోగా ఎర్రపెట్ట వచ్చి ఒక్క పోటు పొడిచేది. బూడిదపెట్ట మళ్లీ గోడవారకు వెళ్లిపోయేది.

అదే ఇంట్లో మధ్యాహ్నం పీటలు వేసేవారు. మొదటి బంతి తాతయ్యది, నాన్నది, బాబాయిది. తరవాత పిల్లలం. తరవాత నాయనమ్మ, ఆ తరవాత అమ్మ. అందరూ లేచి, ఎంగిలి ఎత్తి, పొయ్యిలో నిప్పు బూడిదయ్యాక మా పిన్ని. ఆమె ఆ ఇంటి చిన్నకోడలు. గిన్నె అడుగున అంటుకున్న అన్నాన్ని గరిటెతో గీకి, మజ్జిగ పోసుకుని, పీటైనా వేసుకోకుండా గోడకు చేరగిలబడి తినేది. కూర మిగిలిన రోజులు తక్కువ. కోడిపెట్టను చూసి జాలిపడిన నేను పిన్నిని చూసి ఒక్కనాడూ జాలిపడలేదు. ఆమె ఆకలి నా కంటికి ఆనలేదు. అది ఇంటి పద్ధతి అనుకున్నాను, అంతే. అరవై దాటిన ఈ వయసులో ఆ తప్పు ఒప్పుకుని ఈ నాలుగు మాటలు మొదలుపెడుతున్నాను.

ఇవి చేతికి కొత్తగా అధికారం అందుతున్న వారికోసం రాస్తున్న మాటలు. ఉద్యోగంలో పైకొచ్చి కింద నలుగురు పనిచేసే స్థితికి చేరినవారు, పెళ్లయి ఇంటి యజమాని అనిపించుకుంటున్న యువకులు, కోడలు గడప తొక్కిన ఇంట అత్తలు, బడిలో పిల్లల ముందు నిలబడే పంతుళ్లు, ఊళ్లో తమ కులానికి బలం ఉందని తెలిసి పెరుగుతున్న పిల్లలు, వీళ్లందరూ వినాలి. మీ చేతిలోకి వచ్చింది చిన్న వస్తువు కాదు. దాన్ని ఎలా పట్టుకోవాలో ఎవరూ మీకు చెప్పి ఉండరు. ఎలా చెలాయించాలో మాత్రం చాలామందే చెప్పి ఉంటారు.

నార్వేలో థోర్లీఫ్ ష్యెల్డరప్-ఎబ్బే అనే పిల్లవాడు కూడా ఇలాగే కోళ్లను చూస్తూ పెరిగాడు. నేను చూసి ఊరుకున్నాను. అతడు రాసిపెట్టుకున్నాడు: ఏ పెట్ట ఏ పెట్టను పొడిచింది, ఏది ఎదురు తిరిగింది, ఏది తప్పుకుంది. పెద్దయి జంతుశాస్త్రజ్ఞుడై 1921లో దాన్నే డాక్టరేట్ పరిశోధనగా సమర్పించాడు. దొడ్డిలో అన్నిటినీ పొడిచే పెట్ట ఒకటుంటుంది, అన్నిటిచేతా పొడిపించుకునే పెట్ట ఒకటుంటుంది, మధ్యవి పైవాటి పోటు తిని కిందివాటిని పొడుస్తాయి. జంతువుల సంఘజీవనంలో ఆధిపత్యమనే ఆలోచనకు శాస్త్రంలో పునాది ఆ కోళ్లదొడ్డిలోనే పడింది. ఆయన అక్కడితో ఆగలేదు. నిరంకుశత్వమే లోకమంతటికీ మూలసూత్రమనే దాకా వెళ్లాడు. ఆ చివరి అడుగు వెయ్యకుండా ఉండవలసింది. ఎందుకంటే ఆయన చూసిన కోళ్లే ఆ మాటకు ఒప్పుకోలేదు. మొదటి పెట్ట రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని పొడుస్తుంటే, ఆ మూడోది తిరిగి మొదటిదాన్నే పొడిచే త్రికోణాలు ఆయన లెక్కల్లోనే ఉన్నాయి. బలమే న్యాయమైతే అలా ఎందుకు జరుగుతుంది?

ఇంట్లో చెయ్యెత్తేవాడూ, ఆఫీసులో గొంతెత్తేవాడూ, ఊళ్లో కర్రెత్తేవాడూ నిలదీసినప్పుడు అందరూ ఒక్కచోటికే వచ్చి చేరతారు. లోకరీతి ఇంతే, పెద్దచేప చిన్నచేపను తింటుంది, ప్రకృతిలో ఉన్నదే మేమూ చేస్తున్నాం అంటారు. ఆ చేపల మాట మన పూర్వులకు తెలియనిది కాదు. దానికి మత్స్యన్యాయమని పేరు పెట్టింది వాళ్లే. అయితే ఆ పేరు దేనికి పెట్టారో చూడండి. రాజ్యం తన పని మానేసినప్పుడు దాపురించే దుర్గతికి పెట్టారు. కౌటిల్యుడు అర్థశాస్త్రం మొదటి అధికరణంలోనే ఆ మాట తెచ్చి, దండనీతి ఉన్నది బలవంతుడు బలహీనుణ్ణి మింగకుండా కాయడానికేనన్నాడు. దండం మితిమీరితే ప్రజలు రోసిపోతారని కూడా ఆ చోటనే హెచ్చరించాడు. భారతంలో శాంతిపర్వం కూడా రాజు లేని దేశపు అవస్థను ఈ చేపలతోనే పోల్చింది. రోగానికి పెట్టిన పేరును మందుసీసా మీద అంటించి తాగుతున్నాం మనం.

ఇప్పుడు జీవశాస్త్రం దగ్గరికి వద్దాం. ఆధిపత్యమనే మాట అక్కడ రెండు వేరువేరు గదుల్లో రెండు వేరువేరు అర్థాలతో బతుకుతోంది. ఒకటి జంతువుల నడవడిలోది, కోళ్లదొడ్డిలో చూశాం. రెండోది అనువంశికతలోది. ఈ రెండో దాని పేరు చెప్పి వంశాల గురించీ రక్తాల గురించీ మాట్లాడేవాళ్లు మనలో కొల్లలు కనక దీని దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడతాను.

బ్రనో పట్టణపు మఠంలో గ్రెగర్ మెండెల్ అనే సన్యాసి 1856 మొదలు ఎనిమిదేళ్లపాటు బఠానీ మొక్కలు పెంచాడు. గుండ్రటి గింజల రకాన్ని ముడతల గింజల రకంతో సంకరం చేస్తే పుట్టిన గింజలన్నీ గుండ్రంగానే వచ్చాయి. ముడత మాయమైందనుకోవాలి. ఆ గింజల్నే మళ్లీ నాటి, వాటిని వాటిలోనే ఫలదీకరణ చెందనిస్తే 5,474 గుండ్రటి గింజలు, 1,850 ముడతల గింజలు వచ్చాయి. దాదాపు మూడింటికి ఒకటి. పోయిందనుకున్నది పోలేదు. ఒక తరమంతా మౌనంగా లోపల కూర్చుని, సమయం రాగానే చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. మెండెల్ ఈ గుండ్రదనానికి వాడిన మాటలో ఏలికతనపు ఛాయ ఉంది. మన తెలుగు పాఠ్యపుస్తకాలు ఆ మాటను ఏలిక అని అనువదించలేదు. బహిర్గత లక్షణం, అంతర్గత లక్షణం అన్నాయి. బయటికి కనిపించేది, లోపల ఉండేది. పదో తరగతి పిల్లవాడి చేతికి అంత సత్యమైన మాట అందించినవారికి నమస్కరిస్తున్నాను. అక్కడ గెలుపూ లేదు, ఓటమీ లేదు.

గుండ్రటి గింజ ఎందుకు గుండ్రంగా ఉంటుందో 1990లో తేలింది. గింజలో పిండిపదార్థం సరిగా కూడడానికి ఒక ఎంజైము కావాలి. దాన్ని తయారుచేసే జన్యువు ముడతల రకంలో చెడిపోయి ఉంటుంది. తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి చొప్పున ప్రతి గింజకూ రెండు ప్రతులు అందుతాయి గదా, అందులో ఒక్కటి పనిచేసినా చాలు, గింజ నిండుగా ఊరుతుంది. ఇంతే దాని ఆధిపత్యం. ఇంట్లో ఇద్దరిలో ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే రెండోవారు వంట కానిచ్చినట్టు. చెడినదాన్ని అది తన్నలేదు, తరమలేదు, దాని వాటా గింజలు లాక్కోలేదు. దాని పనికూడా తానే చేసింది.

బహిర్గతమైనదే గొప్పది, అదే లోకమంతా వ్యాపిస్తుంది అన్న భ్రమను 1908లోనే హార్డీ అనే ఇంగ్లండు గణిత శాస్త్రజ్ఞుడు ఒక చిన్న లెక్కతో తొలగించాడు. ఒక లక్షణం బహిర్గతమైనంత మాత్రాన తరతరానికీ పెరిగిపోదు, అంతర్గతమైనంత మాత్రాన అంతరించిపోదు. ఆరో వేలు కలిగించే జన్యువు చాలా కుటుంబాల్లో బహిర్గతమే. అయినా మన చేతులకు ఐదేసి వేళ్లే. ఓ గ్రూపు రక్తం అంతర్గత లక్షణం. లోకంలో ఎక్కువమంది ఒంట్లో ప్రవహించేది అదే. నాడీమండలాన్ని నడివయసులో కూల్చేసే హంటింగ్టన్ వ్యాధి బహిర్గతం. మా రక్తం బలమైనది, మా వంశలక్షణం ఎదుటివాళ్లను మింగేస్తుంది అని పెళ్లిచూపుల దగ్గర మాట్లాడే పెద్దలు ఈ మూడు సంగతులూ ఒకసారి మనసులో పెట్టుకోవాలి.

ఇక తోడేళ్లు. ఆల్ఫా అనే మాట ఈరోజు తెలుగు కుర్రాళ్ల నోళ్లలో నానుతోంది. ఆడవాళ్లను అదుపులో పెట్టేవాడు, ఎవరికీ తలవంచనివాడు, నలుగురినీ తొక్కి ముందుకెళ్లేవాడు ఆల్ఫా అట. ఫోన్లో చూసి నేర్చుకుంటున్నారు. ఆ మాట పుట్టిన చోటు చెబుతాను వినండి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే స్విస్ శాస్త్రజ్ఞుడు బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధించిన తోడేళ్లను చూసి, అవి పైచేయికోసం పోట్లాడుకుంటున్నాయని రాశాడు. డేవిడ్ మీచ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1970లో తోడేళ్లమీద రాసిన ప్రసిద్ధ గ్రంథంలో ఆ ఆలోచనను వాడుకున్నాడు. లోకమంతా పాకింది.

తరవాత ఆ మీచ్ కెనడా ఉత్తరపు కొసన ఎల్స్‌మేర్ దీవిలో 1986 నుంచి ఏటా వేసవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ల గుంపుతో గడిపాడు. అవి మనిషంటే భయం లేనివి కావడంతో దగ్గరగా కూర్చుని చూడగలిగాడు. ఆయనకు అక్కడ కనిపించింది సింహాసనంకోసం యుద్ధం కాదు. ఒక తల్లి, ఒక తండ్రి, వాళ్ల పిల్లలు. గుంపంటే సంసారం. ముందు నడిచే జంట ఎవరినీ ఓడించి ముందుకు రాలేదు, పిల్లల్ని కన్నారు గనక ముందున్నారు. వేటాడి తెచ్చినదాన్ని గూటి దగ్గర పిల్లలకు కక్కి పెడతారు. తిండి చాలనప్పుడు పెద్ద పిల్లలకన్నా పసికూనలకే ముందు అందేలా చూస్తారు. ఎదిగిన పిల్లలు తమ దారి చూసుకుని వెళ్లి తమ సంసారం తాము పెట్టుకుంటారు. మీచ్ 1999లో ఈ సంగతి రాసి, ఆల్ఫా అనే మాట తోడేళ్లకు చెల్లదన్నాడు. తన పాత పుస్తకం అచ్చు ఆపమని ప్రచురణకర్తలను తానే అడుగుతూ వచ్చాడు. 2022లో ఆపారు. తన పేరు నిలబెట్టిన పుస్తకాన్ని తానే వద్దన్న ఆ మనిషి ముందు తలవంచాలనిపిస్తుంది నాకు.

షెంకెల్ చూసినది అబద్ధం కాదు. ఎక్కడెక్కడివో తోడేళ్లను తెచ్చి, కంచెవేసి, వెళ్లిపోయే దారి మూసేస్తే అవి నిజంగానే అలా పోట్లాడుకుంటాయి. అంటే ఆల్ఫా అనేది బోనులో పుట్టిన గుణం. తాను ఆల్ఫానని రొమ్ము విరుచుకునే కుర్రవాడు తన చుట్టూ ఉన్న కంచె ఏదో వెతుక్కోవాలి.

ప్రకృతి అంతా కరుణామయమని చెప్పడానికి నేను రాలేదు. అలా చెబితే అదీ అబద్ధమే. నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్ జంతుప్రదర్శనశాలలో ఫ్రాన్స్ డి వాల్ చింపాంజీలను ఏళ్ల తరబడి గమనించాడు. అక్కడ లూయిట్ అనే మగది పెద్దగా ఉండేది. తగవుల్లో బలహీనుల పక్షం వహించేది. ముసలి యెరూన్, వయసులో ఉన్న నికీ జట్టుకట్టి 1980లో ఒక రాత్రి దాన్ని గాయపరిచాయి. ఆ గాయాలతోనే అది చచ్చిపోయింది. కెన్యాలో బాబూన్ కోతులను చూసిన రాబర్ట్ సపోల్స్కీ ఇంకా చేదు నిజం ఒకటి చెప్పాడు. పైవాడి చేత తన్నులు తిన్న కోతి వెంటనే తనకన్నా చిన్నదాన్ని కొడుతుంది. అలా కసి తీర్చుకునే కోతుల నెత్తుట్లో ఒత్తిడి హార్మోను తక్కువగా ఉంటుంది. క్రూరత్వం ఒంటికి ఊరటనిస్తుందన్నమాట.

ఈ మాట దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. పై అధికారి చేత మాటపడి ఇంటికొచ్చి భార్యమీద విసుక్కున్న రోజులు నా జీవితంలోనూ ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర బాగానే పట్టింది. ఆమెకు పట్టిందో లేదో అడగలేదు. పొడుపు క్రమం సాగేది ఎర్రపెట్ట బలంవల్ల మాత్రమే కాదు. మధ్యలో ఉన్న ప్రతి పెట్టకూ పొడవడానికి కింద ఒకటి దొరకడంవల్ల సాగుతుంది. అంబేడ్కర్ 1936లో కులనిర్మూలన గ్రంథంలో మన సమాజం గురించి చెప్పినది ఇదే. కులవ్యవస్థ మెట్లమెట్లుగా ఉంది. పైవాడు తనను తొక్కుతున్నా, తొక్కడానికి తన కింద ఇంకొకడున్నాడన్న తృప్తి ప్రతివాడికీ దొరుకుతుంది. అందుకే అందరూ కలిసి దానిమీద తిరగబడరు. నార్వే దొడ్డిలో కోళ్లను లెక్కపెట్టినవాడూ, బరోడా కొలువులో అంటరానితనం అనుభవించినవాడూ ఒకే బొమ్మ గీశారు. ఒకడు కోళ్లను చూసి గీశాడు, ఒకడు తన ఒంటిమీద పడ్డ పోట్లను చూసుకుని గీశాడు.

అయితే సపోల్స్కీ కథ అక్కడితో అయిపోలేదు. ఆయన చూస్తున్న గుంపు దగ్గరలో పర్యాటకుల విడిది ఒకటుంది. దాని చెత్తకుప్పమీద పడే తిండికోసం గుంపులోని దూకుడు మగకోతులు పక్క గుంపుతో కొట్లాడడానికి రోజూ వెళ్లేవి. 1980ల నడుమ ఆ కుప్పలో పడేసిన మాంసంనుంచి క్షయ సోకి అవన్నీ చనిపోయాయి. మిగిలినవి ఆడకోతులూ, పోట్లాటకు పోని నెమ్మది మగవీ. గుంపు తీరు మారింది. కొట్లాటలు తగ్గాయి, ఒకదాని పక్కన ఒకటి కూర్చుని పేలు చూసుకోవడం పెరిగింది, కింది స్థాయి కోతుల ఒంట్లో ఒత్తిడి తగ్గింది. బాబూన్లలో మగపిల్లలు ఎదిగాక పుట్టిన గుంపు వదిలి వేరే గుంపుకు పోతాయి. కనక పదేళ్లు తిరిగేసరికి ఆ పాత నెమ్మది మగవి ఒక్కటీ మిగలలేదు, అన్నీ బయటినుంచి వచ్చినవే. వచ్చినవి దూకుడు గుంపుల్లో పెరిగినవే. అయినా ఆ నెమ్మదితనం చెదరలేదు. వచ్చిన కొత్తవాడిని ఆ గుంపు ఆడకోతులు పోట్లాట లేకుండా త్వరగా చేరదీశాయి, వాడు తన పాత అలవాటు మానుకున్నాడు. 2004లో ఈ సంగతి అచ్చయింది. కోతులు ఇరవై ఏళ్లలో మార్చుకోగలిగిన ఆచారాన్ని, వేదాలూ ఉపనిషత్తులూ రాజ్యాంగమూ చేతిలో ఉన్న మనం మార్చుకోలేమంటే ఎలా నమ్మమంటారు?

పెత్తనం కిందివాడి మనసునే కాదు, గుండెనూ తింటుంది. 1967లో మొదలుపెట్టి లండన్‌లో సర్కారు ఉద్యోగులు సుమారు 18,000 మంది మగవారిని ఏళ్ల తరబడి పరిశీలించారు. వైట్‌హాల్ అధ్యయనమని పేరు. వాళ్లలో ఎవరూ తిండికి లేనివారు కాదు. అందరివీ స్థిరమైన కొలువులే. అయినా అట్టడుగు శ్రేణి ఉద్యోగులు, కాగితాలు మోసేవారూ వాకిళ్లు కాచేవారూ, పై శ్రేణి అధికారులకన్నా మూడురెట్లకు పైగా గుండెజబ్బుతో చనిపోయారు. సిగరెట్లూ రక్తపోటూ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో కొంత భాగానికే కారణం దొరికింది. ఆశ్చర్యమేమిటంటే పైనుంచి రెండో మెట్టువాడికి కూడా మొదటి మెట్టువాడికన్నా ముప్పు ఎక్కువే. తన రోజు తన చేతిలో లేకపోవడం, ఎవరు ఎప్పుడు పిలిచి ఏమంటారోనని కాచుకుని ఉండడం మనిషిని లోపల్నుంచి అరగదీస్తాయని మైఖేల్ మార్మట్ ఈ అధ్యయనాలమీద పనిచేస్తూ చెప్పాడు. బూడిదపెట్ట గింజను చూసి, వంగకుండా, ముందు నాలుగువైపులా చూసుకునేదే, ఆ చూపు అది. మీ కింద పనిచేసే డ్రైవరు, అటెండరు, కాంట్రాక్టు మీద ఉన్న కుర్రవాడు మీ గది తలుపు దగ్గర నిలబడినప్పుడు వాళ్ల కళ్లలో ఆ చూపు ఉందేమో గమనించండి.

పై మెట్టువాడు గట్టిగా లేకపోతే పని నడవదంటారు. దీనికి కోళ్ల దగ్గరే జవాబుంది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందున్న ఆంధ్రప్రదేశ్‌లో కోళ్లఫారాల వాళ్లకు డీబీకింగ్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఒక్క బోనులో కుక్కిన కోళ్లు ఒకదాన్నొకటి పొడిచి చంపుకుంటాయని పిల్లలుగా ఉన్నప్పుడే ముక్కు కొసలు కత్తిరిస్తారు. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో విలియం మ్యూయిర్ మరో దారి చూశాడు. ఎక్కువ గుడ్లు పెట్టే పెట్టను విడిగా ఏరి దాని పిల్లల్ని పెంచడం మామూలు పద్ధతి. ఆయన పెట్టను ఏరలేదు, మొత్తంమీద బాగా బతికి బాగా గుడ్లు పెట్టిన బోనును ఏరాడు. ముక్కులు కత్తిరించకుండానే పెంచాడు. రెండో తరంలో ఏడాదికి 68 శాతం కోళ్లు చచ్చిపోతుండగా నాలుగో తరానికి అది 8.8 శాతానికి దిగింది. ఒక్కో పెట్ట లెక్కన గుడ్లు 91 నుంచి 237కి పెరిగాయి. 1996లో ఆయన ఈ అంకెలు ప్రకటించాడు. మనం విడిగా చూసి మెచ్చుకునే ఘనాపాటి పెట్ట పక్కవాటి గింజలు తిని గుడ్లు పెడుతుండవచ్చు. మీ జట్టులో అందరికన్నా మెరుస్తున్నవాడు ఎవరి వెలుగు తీసుకుని మెరుస్తున్నాడో చూసి గాని బహుమతి ఇవ్వకండి.

మనుషుల మధ్య పెత్తనానికి ఇంకో గుణముంది. కోళ్లకు లేనిది, తోడేళ్లకు లేనిది. అది ఎదుటివాడి నోట తానే ఒప్పించుకుంటుంది. నిజాం ఏలుబడిలో తెలంగాణ పల్లెల్లో దొర గడీ ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచినవాడు బాంచన్ దొరా, నీ కాల్మొక్తా అనేవాడు. అనకపోతే దెబ్బలు. అని అని కొన్నాళ్లకు అదే మర్యాద అనుకున్నాడు. వెట్టి అన్నది పని పేరు మాత్రమే కాదు, ఎదురు చెప్పడం మరిచిపోయిన స్థితి పేరు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు పండించుకున్న పంటమీద విసునూరు దేశ్‌ముఖ్ కన్నుపడినప్పుడు ఆమె కాల్మొక్తా అనలేదు. పంట నాది అంది. దొరలకు ఎదురు నిలిచిన సంఘంవాళ్లు వచ్చి కోసి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. చదువులేని ఒక్క ఆడమనిషి మరిచిపోయిన మాటను గుర్తుచేసుకుంటే గడీ గోడలు ఎంత పల్చనివో అందరికీ తెలిసింది.

ఆమె 1985 సెప్టెంబరులో కన్నుమూసింది. అదే ఏడాది జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపేశారు. తగవు మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర. తాగే నీళ్లు పాడుచెయ్యొద్దని దళితులు అన్నారు, ఆధిపత్య కులంవాళ్లు కొట్టబోతే ఒక దళిత స్త్రీ చేతిలోని బిందె ఎత్తింది. అంతే జరిగింది. బిందె ఎత్తడం ఆధిపత్య కులానికి అంత పెద్ద నేరంగా ఎందుకు కనబడిందో ఆలోచించండి. గోడవార ఉండవలసిన పెట్ట తలెత్తి చూసింది గనక. ఎం.ఎన్. శ్రీనివాస్ 1950లలో ఆధిపత్య కులమనే మాటను సమాజశాస్త్రంలో ప్రవేశపెట్టినప్పుడు జనసంఖ్య, భూమి, రాజకీయబలం లెక్కపెట్టాడు. ఊళ్లో ఆ మూడూ ఉన్న ఇళ్లల్లో పుట్టిన పిల్లలకు నేను చేతులు జోడించి చెబుతున్నాను. మీ తాతలు చేసినదానికి మీరు కారకులు కారు. మీ పేరుమీద మీ కళ్లముందు జరిగేదానికి మాత్రం మీరే జవాబుదారులు. ఆ నీళ్ల దగ్గర మీ స్నేహితుడు చెయ్యెత్తినప్పుడు ఆ చెయ్యి పట్టుకోవలసినవారు మీరు.

తెలుగులో పెద్ద అన్న ఒక్క మాటనుంచి రెండు మాటలు పుట్టాయి. ఒకటి పెత్తనం, రెండోది పెద్దరికం. పెత్తనం చెలాయిస్తాం. పెద్దరికం నలుగురూ కట్టబెడతారు. పెత్తనం ఎవరైనా లాక్కోవచ్చు. పెద్దరికం లాక్కుంటే వచ్చేది కాదు, దాన్ని నిలబెట్టుకోవాలి. 2001లో జోసెఫ్ హెన్రిక్, ఫ్రాన్సిస్కో గిల్-వైట్ అనే ఇద్దరు పండితులు మనుషుల్లో పైస్థానం రెండు రకాలుగా వస్తుందని, భయపెట్టి తెచ్చుకునేది వేరు, నేర్పువల్ల గౌరవంగా దొరికేది వేరని విడమరిచారు. మన భాష ఆ తేడాను ఎన్నడో రెండు మాటల్లో చెప్పి ఉంచింది. దాన్ని పట్టుకునే గుర్తు కూడా తేలిక. పెత్తనందారు గదిలోకి వస్తే జనం చూపు తిప్పుకుంటారు, అడుగు వెనక్కి వేస్తారు. పెద్దమనిషి వస్తే దగ్గరికి జరుగుతారు, ఆయన ఏం చేస్తున్నాడో చూస్తారు, అడగాలనుకున్నది అడుగుతారు. మీరు ఇంట్లో అడుగు పెట్టగానే మీ పిల్లలు ఎటు కదులుతున్నారో చూసుకోండి. అంతకన్నా నిక్కమైన పరీక్ష నాకు తెలియదు.

మా పిన్ని దగ్గరికి తిరిగి వెళతాను. నాయనమ్మ పోయింది, అమ్మ పోయింది, ఆ ఇంటికి పిన్నే పెద్దదైంది. ఆమె కొడుక్కు పెళ్లయింది. కోడలు వచ్చిన మూడోరోజు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. మగవాళ్ల భోజనాలయ్యాయి. కొత్తకోడలు వడ్డించి, గిన్నెలు సర్ది, వంటింటి గుమ్మం పక్కన నిలబడింది.

"మీరు కూచోండత్తయ్యా, నేను తరవాత తింటాను" అంది ఆ అమ్మాయి.

పిన్ని రెండు కంచాలు తీసింది. రెంటిలోనూ వేడన్నం పెట్టింది, గుత్తివంకాయ చెరొకటి వేసింది.

"తరవాత తినే అన్నం ఎట్లా ఉంటుందో నాకు తెలుసమ్మాయ్. రా, ఇట్లా నా పక్కన కూర్చో."

అంతకుమించి ఆమె ఏమీ అనలేదు. ముప్పైయేళ్లు గిన్నె గీకి తిన్న మనిషికి, తనవంతు వచ్చినప్పుడు పొడవడానికి కింద ఒకరు దొరికారు. ఊరూ ఆచారమూ ఆమెను తప్పుపట్టేవి కావు. ఆమె పొడవలేదు. ఇంతకాలం నేను చదివిన పుస్తకాలన్నీ ఒక ఎత్తు, గుమ్మం దగ్గర విన్న ఆ ఒక్క మాట ఒక ఎత్తు. పిన్ని పోయి పదకొండేళ్లయింది. ఆ ఇంట్లో ఈనాటికీ అందరూ ఒకే బంతిని కూర్చుంటారు.

ఈ రాత్రి మీ ఇంట్లో చివర ఎవరు తింటారో చూడండి. ఆ మనిషికి మీ చేత్తో ముందు వడ్డించండి.